పొలం కూడా పనిచోటే: ప్రథమ చికిత్స పాతబడకూడదు

(బైరెడ్డిపల్లెలో రైతులు, వ్యవసాయ కూలీల సమావేశంలో రైతు సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో ఎప్పుడూ మాట్లాడుకునేవి కొన్ని ఉన్నాయి. టమోటా ధర, బోరుకు కరెంటు, పాల రేటు, పట్టుగూళ్ల రేటు, ఏనుగులు తొక్కిన పంటకు పరిహారం. వాటి మీద పోరాటం ఆగదు. ఈ పూట మాత్రం ఆ పంట పండించే మనిషి ప్రాణం గురించి మాట్లాడదామనుకున్నాం. చేన్లో పాము కరిచినప్పుడు, మందు కొడుతూ మనిషి పడిపోయినప్పుడు, స్టార్టర్ పెట్టె దగ్గర కరెంటు కొట్టినప్పుడు, ఆసుపత్రికి చేరేలోపు ఆ అరగంటలో, గంటలో మనం ఏం చేస్తున్నాం? ఏం చేయాలి? అదే మన విషయం.

ప్రథమ చికిత్స అనగానే చాలామందికి బస్సులో డ్రైవరు వెనకాల వేలాడే పెట్టె గుర్తొస్తుంది. ఫ్యాక్టరీలో ఉంటుంది, బడిలో ఉంటుంది. మన పొలంలో ఏముంది? గట్టు మీద నీళ్ల బిందె, చెట్టుకు తగిలించిన సద్ది సంచి. దెబ్బ తగిలితే కాఫీపొడి, పసుపు, సున్నం. పాము కరిస్తే తువ్వాలు చించి కట్టు. ఇవి మన పెద్దలు చేతిలో ఉన్నదాంతో చేసినవి. వాళ్లను తప్పుపట్టేందుకు ఏమీ లేదు. కానీ వైద్యం మారింది. మన దగ్గరకు ఆ మార్పు రాలేదు.

చట్టం ఎక్కడ ఆగిపోయింది

1948 ఫ్యాక్టరీల చట్టం ప్రతి 150 మంది కార్మికులకు కనీసం ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని చెప్పింది. దాన్ని చూసుకునేందుకు శిక్షణ పొందిన మనిషి పనివేళల్లో అందుబాటులో ఉండాలనీ రాసింది. 2005 ఉపాధి హామీ చట్టం పనిచోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాసింది. ఆ పథకం మొదలైంది మన రాయలసీమలోనే, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో.

ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. మే నెలలో చెరువు పూడిక తీసే అక్కకు పనిచోట ప్రథమ చికిత్స పెట్టె హక్కుగా రాశారు. అదే అక్క జూలైలో మన టమోటా చేన్లో కర్రలు నాటి, వైరు కట్టేటప్పుడు ఆ హక్కు లేదు. మనిషి అదే, చేతులు అవే, ఊరు అదే. చేను మారితే పెట్టె మాయమైంది.

2020లో పార్లమెంటు 13 కార్మిక చట్టాలను కలిపి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి చేసింది. అది 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని లెక్క సాధారణంగా పది మంది పనివాళ్లున్న చోటు నుంచి మొదలవుతుంది. మన మండలంలో రెండెకరాల రైతు నలుగురైదుగురు కూలీలతో చేసే సేద్యం ఆ లెక్కలో ఎక్కడుంది? అంతర్జాతీయ కార్మిక సంస్థ 2001లోనే వ్యవసాయంలో భద్రత, ఆరోగ్యం కోసం ప్రత్యేకంగా 184వ ఒప్పందం చేసింది. భారతదేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు.

ఇంకో సంగతి. 1923 నాటి కార్మిక పరిహార చట్టం జాబితాలో పొలాల్లో పురుగుమందు కొట్టేవాళ్లను, యంత్రాలతో కోత, నూర్పిడి చేసేవాళ్లను చేర్చారు. అంటే ప్రాణం పోయాక, చెయ్యి పోయాక లెక్కగట్టేందుకు చట్టం ఉంది. అది పోకుండా చూసే పెట్టె పొలం గట్టు మీద ఉండాలని చెప్పే చట్టం లేదు.

పెట్టె ఉంటే చాలదు

పెట్టె పెడితే పని అయిపోయిందనుకోకండి. 1971 కాంట్రాక్టు కార్మికుల కేంద్ర నిబంధనల్లో ప్రథమ చికిత్స పెట్టెలో ఏమేం ఉండాలో జాబితా రాశారు. అందులో పాము కాటును కోసేందుకు చిన్న కత్తి ఉంది. పొటాషియం పర్మాంగనేట్ పలుకుల సీసా ఉంది. వంద ఆస్పిరిన్ మాత్రల సీసా ఉంది. ఆ రోజుల్లో కాటు వేసినచోట కోసి, రక్తం కార్చి, ఆ పలుకులు అద్దితే విషం పోతుందని నమ్మేవారు.

ఈనాటి వైద్యం ఈ మూడింటినీ వద్దంటోంది. కోస్తే విషం బయటికి రాదు, నరాలు తెగుతాయి, పుండు పడుతుంది. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. ఆ మనిషిని కోస్తే రక్తం ఆగదు. దానికి తోడు ఆస్పిరిన్ మింగిస్తే రక్తస్రావం ఇంకా పెరుగుతుంది. చట్టం చెప్పిన పెట్టెను అక్షరం తప్పకుండా పెట్టినా, అందులోని వస్తువే మనిషికి హాని చేయొచ్చు.

పురుగుమందుల సంగతీ అంతే. 1968 చట్టం కింద 1971లో చేసిన నిబంధనల్లో ప్రథమ చికిత్స, రక్షణ దుస్తులు, విరుగుడు మందులు, పనివాళ్లకు శిక్షణ అన్నీ రాశారు. మంచిదే. కానీ ప్రథమ చికిత్సకు చూడమన్న మార్గదర్శి 1967 నాటిది. డాక్టరును పిలవడానికి ముందే ప్రథమ చికిత్స చేయాలని అందులో ఉంది. అప్పుడు ఊళ్లో ఫోను లేదు, 108 లేదు. మన రాష్ట్రంలో 108 మొదలైంది 2005 ఆగస్టు 15న. ఈ రోజు ఒకరు ఫోను చేస్తుంటే ఇంకొకరు చికిత్స మొదలుపెట్టాలి. రెండూ ఒకేసారి జరగాలి.

అందుకే మేం చెప్పేది ఒకటే. ప్రథమ చికిత్స పెట్టె కావాలి, దాన్ని ఏటా సరిచూసుకోవాలి, అందులోని వస్తువులతో పాటు మన తెలివినీ సరిచూసుకోవాలి. ఏమేం మారిందో ఒక్కొక్కటిగా చూద్దాం.

పాము కాటు

2000 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్లలో మన దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు అంచనా వేశారు. ఏడాదికి సగటున 58 వేల మంది. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాల్లో మనదీ ఉంది. పల్లెల్లో, వానాకాలంలో, చేలల్లో పనిచేసేవాళ్లే ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాము కాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించడం దాని లక్ష్యం.

మనకు ముఖ్యమైన పాములు నాలుగు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఆసుపత్రిలో ఎక్కించే విరుగుడు మందు ఈ నాలుగింటికీ ఒకటే. కాబట్టి పామును వెతికి, చంపి, సంచిలో వేసుకొని పోవాల్సిన పని లేదు. ఆ వెతుకులాటలో ఇంకొకరికి కాటు పడుతుంది, సమయం పోతుంది. దూరం నుంచి ఫోనులో ఫోటో దొరికితే సరే, లేకుంటే వదిలేయండి.

చేయాల్సింది ఇది. మనిషికి ధైర్యం చెప్పాలి. నడవనీయకూడదు, పరుగెత్తనీయకూడదు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, మొలతాడు, వాచీ తీసేయాలి. వాపు వస్తే అవే బిగుసుకుంటాయి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా, ఎముక విరిగినప్పుడు కట్టినట్లు, కర్ర ఆసరాతో వదులుగా కట్టాలి. వెంటనే బయలుదేరాలి. 108 ఆలస్యమైతే బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకొని పోవాలి.

చేయకూడనివి: బిగించి కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, ఐసు పెట్టకూడదు, పసరు తాగించకూడదు. ఎవరైనా అప్పటికే బిగించి కట్టేసి ఉంటే దారిలో ఒక్కసారిగా విప్పొద్దు. డాక్టరు ముందే విప్పాలి.

మన ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. కౌండిన్య అడవి నుంచి ఏనుగులు దిగుతాయని రాత్రిళ్లు చేలల్లో కాపలా పడుకుంటున్నాం. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లనే కరుస్తుంది. దాని కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండవు. పళ్ల గుర్తు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం కనిపిస్తే గ్యాస్ అనుకొని ఇంట్లో ఉండొద్దు. కాపలా ఉండేవాళ్లకు మంచం, దోమతెర, టార్చిలైటు ఉండాల్సిందే. ప్రథమ చికిత్స కన్నా ముందుది ఇది.

పురుగుమందు

2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తి చేలల్లో మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. వాళ్లలో రైతులూ ఉన్నారు, కూలికి మందు కొట్టేవాళ్లూ ఉన్నారు. మన టమోటా చేన్లకు ఎన్ని సార్లు మందు కొడుతున్నామో మీకు తెలుసు. వీపున ట్యాంకు మోసేవాళ్లలో ఎక్కువమంది సొంత భూమి లేనివాళ్లేనన్నదీ తెలుసు.

మందు మనిషికెక్కిన గుర్తులు తెలిసి ఉండాలి. నోట్లో చొంగ, ఒళ్లంతా చెమట, వాంతి, విరేచనాలు, కళ్లు మసకబారడం, కంటిపాప సూదిమొనలా చిన్నదవడం, ఊపిరాడకపోవడం. వీటిని ఎండదెబ్బ అనుకొని చెట్టు కింద పడుకోబెట్టి వదిలేస్తే ప్రాణం పోతుంది.

పాత పద్ధతి ఏమిటి? ఉప్పునీళ్లు తాగించి, నోట్లో వేలు పెట్టి కక్కించడం. ఇప్పుడు కక్కించొద్దంటున్నారు. చాలా మందుల్లో కిరసనాయిలు లాంటి ద్రావకాలు ఉంటాయి. కక్కించేటప్పుడు అవి ఊపిరితిత్తుల్లోకి పోతే మందు కన్నా అదే ఎక్కువ ప్రమాదం. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు, పాలు, చింతపండు రసం ఏదీ పోయొద్దు. గాలి వచ్చే వైపు చేనుకు దూరంగా తీసుకుపోవాలి. తడిసిన బట్టలు విప్పేయాలి. సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో ఒళ్లు, తల, గోళ్ల సందులు కడగాలి. కడిగేవాళ్ల చేతులకు గ్లౌజులు ఉండాలి. స్పృహ లేకపోతే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మందు డబ్బాను తప్పకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. డబ్బా చూస్తేనే డాక్టరుకు విరుగుడు తెలుస్తుంది. విరుగుడు సూదిమందు మన పెట్టెలో పెట్టుకునేది కాదు, డాక్టరు చేతిలో ఉండాల్సింది.

కలుపుమందుల్లో పారాక్వాట్ గురించి వేరుగా చెప్పాలి. దానికి విరుగుడు లేదు. మింగిన మనిషి మొదటిరోజు బాగానే మాట్లాడుతాడు. బాగున్నాడని ఇంటికి తెచ్చుకోవద్దు, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

డబ్బా మీద వజ్రం ఆకారంలో రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే విషం కాదని అర్థం కాదు. డబ్బాతో పాటు ఇచ్చే కాగితంలో విష లక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు రాసి ఉండాలి. మందుల అంగడిలో ఆ కాగితం అడిగి తీసుకోండి. తెలుగులో ఉందో లేదో చూడండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117. దీన్ని కొట్టం తలుపు మీద రాసుకోండి.

కొట్టంలో పాత డబ్బాలూ చూడండి. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011 మేలో ఆపింది. కేంద్రం 2018 ఆగస్టులో 18 మందులను నిషేధించింది. వాటిలో ఫోరేట్, ట్రైజోఫాస్, డైక్లోర్వాస్ వంటి ఆరింటికి 2020 డిసెంబర్ 31 దాకా గడువిచ్చింది. ఆ గుళికల పొట్లాలు ఇంకా అటక మీద ఉంటే అవి మందులు కావు, పిల్లలకు అందే విషం. పారబోయొద్దు, కాల్చొద్దు. వ్యవసాయ సిబ్బందికి చెప్పి అప్పగించే ఏర్పాటు అడుగుదాం.

కరెంటు

తడి చేతులతో స్టార్టర్ ముట్టుకోవడం, ఫ్యూజు మనమే వేసుకోవడం, తెగిన వైరు తొక్కడం. కరెంటు కొట్టిన మనిషిని వెంటనే ముట్టుకోకూడదు. ముందు కరెంటు ఆపాలి. మోటారు దగ్గరైతే మెయిన్ ఆపి, లేదా పొడి కర్రతో వైరు తప్పించాలి. పెద్ద లైను తెగి పడితే కర్రతో కూడా దగ్గరికి పోవద్దు, 1912కు గాని లైన్‌మన్‌కు గాని ఫోను చేసి ఆపించాలి.

మనిషి పలకకుండా, ఊపిరి తీయకుండా ఉంటే ఇసుకలో పూడ్చడం, కాళ్లు రుద్దడం కాదు. గుండె నొక్కాలి. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. 108 వచ్చేదాకా ఆపకూడదు. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి. ఒకప్పుడు ముందు నోటితో ఊపిరి ఊదమనేవారు. 2010లో అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆ వరుసను మార్చాయి. శిక్షణ లేనివాళ్లు నోటితో ఊదకపోయినా, గుండె నొక్కితే చాలన్నాయి. నేర్చుకున్నవాళ్లకు కూడా పాత పద్ధతే గుర్తుంటే మళ్లీ నేర్చుకోవాల్సిందే.

గడ్డి మిషన్, గానుగ, కాలిన గాయాలు

నూర్పిడి యంత్రాల్లో చేతులు తెగుతున్నాయని 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టమే చేశారు. మన దగ్గర గడ్డి మిషన్లు, చెరకు గానుగలు అలాంటివే. రక్తం కారుతుంటే కాఫీపొడి, సున్నం వద్దు. శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా, విడవకుండా నొక్కి పట్టుకోవాలి. తడిస్తే తీయకుండా దాని మీదే ఇంకో గుడ్డ పెట్టాలి. కాలుచేతుల నుంచి రక్తం ఎంత నొక్కినా ఆగక ప్రాణం మీదికి వస్తే గాయానికి పైన వెడల్పు పట్టీ బిగించి, కట్టిన టైము రాయాలి. ఇది రక్తస్రావానికే, పాము కాటుకు కాదు. ఈ తేడా బాగా గుర్తుపెట్టుకోండి.

తెగిపడిన వేలిని నేరుగా ఐసులో వేయొద్దు. తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐసు మీద పెట్టి మనిషితో పాటు పంపాలి. తుప్పు ఇనుము గీసుకున్నా సూది వేయించుకోవాలి. పాత టీటీ స్థానంలో ఇప్పుడు ప్రభుత్వాసుపత్రుల్లో టీడీ ఇస్తున్నారు.

బెల్లం పాకం పడి కాలితే 20 నిమిషాలు చల్లని నీటి ధార కింద పెట్టాలి. టూత్‌పేస్టు, ఇంకు, ఐసు వద్దు. పట్టుపురుగుల షెడ్డులో సున్నం, బ్లీచింగ్, ఫార్మలిన్ వాడేటప్పుడు కంట్లో పడితే రుద్దకుండా, రెప్పలు తెరిచి పట్టుకొని కనీసం 15 నిమిషాలు నీళ్లు ధారగా పోస్తూ కడగాలి, ఆ తర్వాత కళ్ల డాక్టరు దగ్గరికి పోవాలి.

కుక్క కాటు

బొడ్డు చుట్టూ 14 సూదులని భయపడి ఇప్పటికీ ఆసుపత్రికి పోనివాళ్లు ఉన్నారు. ఆ మందు తయారీనే మన దేశంలో 2004 చివరికి ఆపేశారు. ఇప్పుడు చేతికి వేసే సూదులు. ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటిరోజు, 3, 7, 28వ రోజుల్లో ఇస్తారు. లోతైన గాయమైతే గాయంలోనే వేరే మందు కూడా వేస్తారు. అంతకు ముందు మన పని ఒకటే. సబ్బుతో, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడగడం. కారం, సున్నం పెట్టొద్దు. రేబిస్ వచ్చాక బతికేవాళ్లు దాదాపు ఉండరు. కాబట్టి ఒక్క సూది కూడా మానకూడదు.

మన వంతు

ఇక్కడ కొందరు రైతులు అడుగుతారని తెలుసు. పెట్టుబడే రావడం లేదు, కూలి పెరిగింది, ఇప్పుడు పెట్టె కూడా మా నెత్తినేనా అని. న్యాయమైన మాటే. అయినా సూటిగా మాట్లాడుకుందాం. ప్రభుత్వం ముందు మనం రైతులం, కంపెనీల ముందు మనం బాధితులం. మన చేన్లోకి నలుగురిని పనికి పిలిచిన పొద్దున మాత్రం మనమే యజమానులం. వాళ్ల ప్రాణానికి మన పూచీ ఉంది. కౌలురైతు సొంత ట్యాంకు మోసుకున్నప్పుడు యజమానీ తనే, కూలీ తనే. ఇక్కడ రైతు వేరు, కూలీ వేరు అని గీత గీయడం కుదరదు. గట్టు మీద పెట్టె ఇద్దరికీ పనికొస్తుంది.

ఇంటికో పెట్టె కొనమని మేం అనడం లేదు. ఒకే దారిలో చేన్లున్న పది ఇళ్లు కలిసి ఒక పెట్టె పెట్టుకుందాం. తాళం వేయని చోట, అందరికీ తెలిసిన చోట, ఎండ, వాన తగలకుండా ఉంచుదాం.

అందులో ఉండాల్సినవి: గాజుగుడ్డ ముక్కలు, చుట్ట పట్టీలు, సాగే పట్టీ, ముక్కోణపు గుడ్డ, అతికించే టేపు, కత్తెర, నాలుగైదు జతల గ్లౌజులు, సబ్బు, గాయాలు కడిగే సెలైన్ సీసా, పోవిడోన్ అయోడిన్, ఓఆర్ఎస్ పొట్లాలు, ఎముక విరిగితే కట్టేందుకు నాలుగు చదునైన కర్రలు, పాత శుభ్రమైన దుప్పటి, టార్చిలైటు, ఒక నోటుపుస్తకం, పెన్ను.

ఉండకూడనివి: కోసే కత్తి, పర్మాంగనేట్, ఆస్పిరిన్, పేరు చెరిగిన మాత్రలు, గడువు తీరినవి, ఎవరో ఇచ్చిన సూదిమందులు.

మూత లోపల ఒక కాగితం అతికిద్దాం. 108, 1912, విష సమాచార కేంద్రం, మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, రాత్రిపూట కారో ఆటోనో ఇచ్చే ఇద్దరి నంబర్లు. దాని కింద ‘చివరిసారి చూసిన తేదీ’ అని ఒక గడి.

ఆ గడిని ఏడాదికి రెండుసార్లు నింపాలి. ఏరువాకకు ముందు ఒకసారి, సంక్రాంతికి ముందు ఒకసారి. ఆ రోజు మూడు పనులు చేయాలి. గడువు తీరినవి తీసి కొత్తవి పెట్టడం. వాడినవి మళ్లీ నింపడం. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, డాక్టరునో, 108 సిబ్బందినో, రెడ్‌క్రాస్ శిక్షకులనో పిలిచి, ఈ ఏడాది పద్ధతుల్లో ఏమైనా మారిందా అని అడిగి, గుండె నొక్కడం మళ్లీ ఒకసారి చేతులతో చేసి చూడటం. ఈరోజు మేం చెప్పింది కూడా కొన్నేళ్లకు మారొచ్చు. అప్పుడు ఇదే పట్టుకొని కూర్చోకూడదు.

పెట్టెకు బాధ్యులుగా ఒక రైతు, ఒక కూలీ ఉండాలి. వాళ్లలో ఒకరు తప్పకుండా ఆడమనిషి కావాలి. పొలంలో ఎక్కువసేపు ఉండేది వాళ్లే. మందు ఒంటిమీద పడ్డ ఆడకూలీ బట్టలు మార్చి కడగాల్సి వస్తే పక్కన ఇంకో ఆడమనిషి ఉండాలి.

నోటుపుస్తకంలో ప్రతి ప్రమాదం రాయండి. తేదీ, ఏ పని, ఏం జరిగింది, ఎంతసేపటికి ఆసుపత్రికి చేరాం. పేరు రాయక్కర్లేదు. ఏడాది తర్వాత ఆ పుస్తకాలే మన డిమాండ్లకు ఆధారం. 2024 నవంబర్‌లో పాము కాటు కేసులను తప్పనిసరిగా నమోదు చేయాలని కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు రాసింది. ఆసుపత్రి లెక్కకు తోడు మన లెక్క కూడా ఉండాలి.

మనం అడిగేవి

ఒకటి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పాము విషానికి విరుగుడు మందు చాలినంత ఉండాలి. మొదటి మోతాదుకే పది సీసాల దాకా కావాలి. రెండు మూడు సీసాలు పెట్టి ఉందనడం లెక్కలోకి రాదు. ఎన్ని ఉన్నాయో బోర్డు మీద రాయాలి.

రెండు. ఇరవై నిమిషాల రక్త పరీక్ష అక్కడే చేయాలి. పొడి గాజు గొట్టంలో రక్తం కదపకుండా ఉంచి, 20 నిమిషాల్లో గడ్డ కట్టిందో లేదో చూడటమే ఆ పరీక్ష. దీనికి పెద్ద యంత్రం అవసరం లేదు. ఏమీ చూడకుండా పలమనేరుకో, చిత్తూరుకో, కుప్పానికో పంపడం ఆగాలి. పంపాల్సి వస్తే మొదటి మోతాదు మొదలుపెట్టి పంపాలి.

మూడు. ప్రతి రైతు సేవా కేంద్రంలో, మార్కెట్ యార్డులో, పట్టుగూళ్ల మార్కెట్లో ప్రథమ చికిత్స పెట్టె, శిక్షణ పొందిన మనిషి ఉండాలి. వ్యవసాయ సహాయకులకు ఏటా శిక్షణ ఇవ్వాలి.

నాలుగు. పురుగుమందు అమ్మేవాళ్లు తెలుగు కాగితం, గ్లౌజులు, మాస్కు లేకుండా ఎరుపు, పసుపు గుర్తు మందులు అమ్మకూడదు. ఆ ఖర్చు కంపెనీలు భరించాలి.

ఐదు. ప్రథమ చికిత్స వస్తువుల జాబితాలను, మార్గదర్శకాలను ప్రభుత్వం నిర్ణీత కాలానికి ఒకసారి వైద్యులతో సరిచూయించి, తెలుగులో పల్లెలకు పంపాలి. చిన్న సేద్యాన్ని కూడా పనిచోటుగా గుర్తించాలి. 184వ ఒప్పందాన్ని కేంద్రం ఆమోదించాలి.

ఈ ఐదింటినీ తీర్మానంగా మీ ముందు పెడుతున్నాం. వీటికోసం వినతిపత్రాలు ఇద్దాం, అవసరమైతే ధర్నాకు కూర్చుందాం. ప్రభుత్వం కదిలేదాకా పాములు ఆగవు కాబట్టి, పెట్టెల పని మాత్రం ఈ ఏరువాకకు ముందే మొదలు కావాలి. సమావేశం అయ్యాక ఊరి వారీగా కూర్చొని, ఏ దారిలో ఏ పది ఇళ్లు కలుస్తాయో, బాధ్యులు ఎవరో పేర్లు రాసి ఇవ్వండి. శిక్షణకు వచ్చే డాక్టరును, తేదీని మేం మాట్లాడి చెబుతాం.